మొదటి వంతు

కళాధర్ కారులో డ్రైవరు పక్క సీటు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. పిడి విరిగి రెండేళ్ళయింది. ఈ నెల చేయిస్తా, వచ్చే నెల చేయిస్తా అంటూనే ఉన్నాడు. ఆ కారు వంతు వచ్చిన వారమంతా గంగాధరరావు దిగాలంటే, కళాధర్ ఇంజను ఆపి, ముందునుంచి చుట్టు తిరిగి వచ్చి, బయటనుంచి తీయాల్సిందే. తీసి ఊరుకోడు. నడుం వంచి, చెయ్యి చాపి, "దిగుండ్రి దొరా" అంటాడు. గంగాధరరావు నాలుగేళ్ళుగా అతనితో తిరుగుతున్నాడు, రెండేళ్ళుగా ఆ మాటకు నవ్వుతున్నాడు.

ఒక వారం ఒకరి కారు, మరుసటి వారం రెండోవారిది. ఇద్దరివీ ఐర్లండులోని నేస్ ఊళ్ళో, ఎస్టేట్ అని పిలిచే ఒకే కాలనీలో, రెండిళ్ళ ఎడంలో ఉన్న ఇళ్ళు. ఇద్దరూ పనిచేసేది డబ్లిన్ వెళ్ళే దారిలో ఉన్న ఒకే ఫ్యాక్టరీలో. గుండె నాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే అమెరికా కంపెనీ అది. గంగాధరరావు అక్కడ ఒక లైనుకు పెద్ద. కళాధర్ వేరే లైనులో ఇంజనీరు.

గంగాధరరావు గుంటూరు మిర్చి యార్డులో తండ్రి కమీషన్ కొట్టులో పదేళ్ళ వయసునుంచి కూర్చున్నవాడు. తరవాత ఇంజనీరింగు చదివాడు, దేశాలు తిరిగాడు, ఐరిష్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. అయినా మనిషి ఎదురుపడ్డా, పని ఎదురుపడ్డా ముందు తూకం వేస్తాడు, ఆ తరవాతే నోరు విప్పుతాడు. ఆ అలవాటువల్ల జీవితంలో పెద్దగా నష్టపోలేదు, ఒక్క ఇంటి విషయంలో తప్ప. ధరలు కొండెక్కిన ఏడాదే కొన్నాడు దాన్ని. ఇప్పుడు, 2009 ఏప్రిల్‌లో, అమ్ముదామంటే కొనేవాడు లేడు, వదిలేసి పోదామంటే బ్యాంకు వదలదు. ఎస్టేటు చివర సగం కట్టి ఆపేసిన పన్నెండు ఇళ్ళు కిటికీలకు చెక్కలు కొట్టించుకుని నిలబడి ఉన్నాయి. రోజూ పొద్దున్నే వాటి ముందునుంచే పోవాలి.

ఆ గురువారం పొద్దున కూడా పోతున్నారు. కళాధర్ కారు.

"అన్నా, కార్క్ దిక్కు బాలింకాలిగ్ కంపెనీవాళ్ళు మళ్ళ ఫోన్ చేసిన్రు," అన్నాడు కళాధర్.

"ఏమంటారు?"

"ఇయ్యాల రాత్రిలోపల ఏ సంగతీ మెయిల్ పెట్టుమన్నరు. ఏడాది కాంట్రాక్టు. వర్క్ పర్మిట్ వాళ్ళే తీస్తరట. కని పని మాత్రం ఇప్పటికన్న రెండు మెట్లు కింద. మిషిన్ దగ్గర నిలబడుడే."

"స్పందన ఏమంటుంది?"

"వద్దంటది. పిల్ల తన్వి బడిల ఇప్పుడిప్పుడే కుదురుకుంది. మళ్ళ కార్క్ దాకా ఇల్లు లేపుకొని ఎక్కడ పోతమంటది." వైపర్ వేశాడు. చినుకులు. "మీరేమంటరన్నా?"

గంగాధరరావు కిటికీలోంచి చూశాడు. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక గదిలో ఏం జరగబోతోందో ఆ కారులో ఉన్న ఇద్దరిలో ఒక్కడికే తెలుసు.

"నన్నడిగితే ఏం చెప్పను కళాధర్. నీ లెక్క నువ్వు చూసుకో."

"నా లెక్క ఏముందన్నా? మీరే నా లెక్క." నవ్వాడు. "నాలుగు లైన్లు రెండైనా, మీ లైన్ల నాకింత జాగ లేకపోతదా? రానని చెప్పేస్త. ఇంటికి పోయినంక మెయిల్ పెడ్త."

ఫ్యాక్టరీ వచ్చింది. కళాధర్ చుట్టు తిరిగి వచ్చి తలుపు తీశాడు. దొరా అన్నాడు. ఆ రోజు గంగాధరరావుకు నవ్వు రాలేదు.

*

ఇదంతా ఒక ఆటతో మొదలైంది.

ఫ్యాక్టరీ మేనేజరు డేల్ అమెరికానుంచి వచ్చినవాడు. వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. బంతిని చేతుల్లో ఇరికించుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ పరిగెత్తే ఆట అది. అక్కడ ఏటా ఏప్రిల్‌లో క్లబ్బులన్నీ కూర్చుని కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఏరుకుంటాయి. కిందటేడు అందరికంటే హీనంగా ఆడిన క్లబ్బుకు మొదటి వంతు, గెలిచినవాడికి చివరి వంతు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. డేల్ ఆ పద్ధతినే క్యాంటీన్‌కు తెచ్చాడు. ఆగస్టు చివర ఎనిమిది మంది ఒక బల్ల చుట్టూ కూర్చుని, నిజం ఆటగాళ్ళ పేర్లు వంతులవారీగా ఏరుకుని, కాగితం మీద జట్లు కట్టుకునేవారు. ఆ ఆటగాళ్ళు అక్కడ నిజంగా ఎంత బాగా ఆడితే ఇక్కడ అన్ని పాయింట్లు.

గంగాధరరావు ఆ ఆట ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. అయినా రెండేళ్ళు వరసగా గెలిచాడు.

రెండేళ్ళూ రెండో స్థానం జెర్రీది. పక్క లైనుకు పెద్ద. ఎర్రటి ముఖం, మంచి నోరు. జెర్రీ తన వంతు రాగానే మిగిలినవాళ్ళలో అందరికంటే గొప్పవాడి పేరు అరిచేవాడు. జట్టులో ఆ చోటు ఖాళీగా ఉందా, అప్పటికే నిండిందా అని చూసేవాడు కాదు. నవంబరు వచ్చేసరికి అతని దగ్గర బంతి పట్టుకుని పరిగెత్తే అద్భుతమైన ఆటగాళ్ళు నలుగురుండేవాళ్ళు. ఆడించడానికి ఇద్దరికే చోటుండేది. గంగాధరరావు అలా కాదు. తన జట్టులో ఏ చోటు బోడిగా ఉందో చూసుకునేవాడు. తరవాతివాడు ఎవరిని తీసుకుంటాడో లెక్క కట్టేవాడు. వాడు ముట్టుకోడనుకున్నవాణ్ణి తరవాతి వంతుకు వదిలేసేవాడు.

"గొప్పవాడు గొప్పవాడే, గంగా. వాడొస్తే చోటు అదే పుడుతుంది," అనేవాడు జెర్రీ.

"కొట్లో లేని సరుకు కొనాలి జెర్రీ. మేలురకం కనబడింది కదా అని ఉన్నదే ఇంకో పది బస్తాలు కొంటే పెట్టుకోను చోటేది?"

"నువ్వు మనుషుల్ని ఏరుకుంటున్నావా, ఉల్లిపాయలు ఏరుకుంటున్నావా?"

"ఉల్లిపాయలైతే ఇంకా జాగ్రత్తగా ఏరేవాణ్ణి."

క్యాంటీన్ అంతా నవ్వేది. ఆ రోజుల్లో నవ్వడానికి ఎవరికీ జంకు లేదు.

*

ఆ వారం సోమవారం నాడు డేల్ గంగాధరరావునూ జెర్రీనీ పిలిచి తలుపేశాడు. ఫ్యాక్టరీలో అందరూ అనుకుంటున్నట్టే నాలుగు లైన్లు రెండవుతున్నాయి. మిగిలేవి గంగాధరరావుది, జెర్రీది. మూతపడే రెండింటిలోనూ సాంకేతిక పనివాళ్ళు ఐదుగురున్నారు. వాళ్ళకు ఉన్న చోట్లు మూడు. జెర్రీ లైను పెద్దది గనక అక్కడ రెండు, గంగాధరరావు లైనులో ఒకటి. మిగతా ఇద్దరికీ నాలుగు వారాల నోటీసు.

"ఎవరిని ఉంచుకోవాలో మీరే ఏరుకోండి. గంగా లైను ఈ మూడు నెలల్లో వెనకబడింది. కాబట్టి మొదటి వంతు గంగాది. తరవాత రెండూ జెర్రీవి," అన్నాడు డేల్. కాగితాల మీద దీనికి వేరే పేరుంటుందనీ, ఐదుగురి పని మార్కుల పట్టిక దానికి జత చేస్తారనీ కూడా చెప్పాడు.

"ఇది ఆట కాదు డేల్," అన్నాడు గంగాధరరావు.

"తెలుసు. అందుకే ఆడటం వచ్చినవాళ్ళ చేతిలో పెడుతున్నా."

ఇద్దరిచేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాడు. వచ్చే మంగళవారం ప్రకటించేదాకా ఒక్క మాట బయటికి పొక్కినా, పొక్కించినవాడి ఉద్యోగమూ పోతుంది. గంగాధరరావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఎక్కడా సందు దొరక్క, సంతకం పెట్టాడు.

ఐదు పేర్లలో మొదటిది కళాధర్.

మూడు రోజులు గంగాధరరావు తూకం వేశాడు. ఒక తట్టలో కళాధర్. పర్మిట్ మీద ఉన్నవాడు. ఉద్యోగం పోతే మూడు నెలల్లో ఇంకోటి సంపాదించాలి, లేకపోతే భార్యాబిడ్డలతో దేశం వదలాలి. ఐదేళ్ళు నిండితే ఆ బెడద లేదు. అతనికి ఇంకా పదకొండు నెలలు కావాలి. ఈ మాంద్యంలో మూడు నెలల్లో ఇంకో పర్మిట్ ఉద్యోగం దొరకడం కష్టం. పనిలో చూస్తే ఐదుగురిలోకీ మేటి. కిందటేడు గొట్టాలు అతికే జిగురు ఎనిమిది వారాలు పట్టు తప్పుతుంటే పెద్దపెద్దవాళ్ళు తలలు పట్టుకున్నారు. ఆరబెట్టే గదిలో తేమ పెరుగుతోందని రెండు రోజుల్లో కనిపెట్టింది కళాధర్. రిపోర్టు మీద సంతకం మాత్రం అతని లైనుకు పెద్దగా ఉన్నవాడు పెట్టాడు. కళాధర్ ఫ్యాక్టరీలో నోరు విప్పడు. తన పని గురించి చెప్పుకునేదంతా కారులోనే, గంగాధరరావుకే.

రెండో తట్టలో బ్రీడా. యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్లాలకు సీలు వేసే పాత జర్మన్ మిషన్ గుట్టు ఆ ఫ్యాక్టరీలో ఆమెకొక్కతెకే తెలుసు. అది ఉన్నది గంగాధరరావు లైనులో. ఆమెను వేరే లైనుకు మార్చాక, ఈ మూడు నెలల్లో ఆ మిషనువల్లే పదకొండు రోజులు పని ఆగింది. సెప్టెంబరుకల్లా లైను గాడిన పడకపోతే దాన్ని ఊడదీసి మెక్సికో పంపేస్తారు. దానితో పాటు ముప్ఫై నాలుగు మంది ఇళ్ళకు పోతారు, ముప్ఫై ఐదోవాడు గంగాధరరావు.

ఇక తూకానికి రాని బరువొకటుంది. నాలుగేళ్ళ కిందట కళాధర్‌ను ఇంటర్వ్యూకి పిలిపించింది తనే. ఆ వారం క్యాంటీన్ బోర్డు మీద ఎవరో 'గంగా ట్రావెల్స్' అని రాసి కింద విమానం బొమ్మ వేశారు. సొంతవాళ్ళను విమానంలో దింపుకుంటున్నాడని సరదాకే వేశారు. గంగాధరరావూ నవ్వాడు. కాని ఆనాటినుంచి ఫ్యాక్టరీ గోడల మధ్య కళాధర్ గురించి ఒక్క మంచి మాట కూడా తన నోట రానివ్వలేదు. మీటింగుల్లో అతని పేరు వస్తే కాగితాల్లోకి చూసేవాడు.

బుధవారం సాయంత్రం అన్నం దగ్గర భార్య ఇందుమతి కదిపింది.

"స్పందన వచ్చింది ఇవాళ, తోడుకి పెరుగు కావాలని. పెరుగు వంక. అడగలేక అడిగింది, అన్నయ్యగారు ఏమన్నా అన్నారా అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆయనున్నారు కదమ్మా, నీకెందుకు దిగులన్నాను."

గంగాధరరావు ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాడు. "ఎందుకన్నావా మాట?"

"మరి లేరా?"

మజ్జిగ పోయమన్నాడు. ఆ మజ్జిగ తాగుతుండగానే లెక్క తెగింది. ఆటలో తెగినట్టే తెగింది. తను బ్రీడాను తీసుకుంటాడు. తరవాత రెండు వంతులు జెర్రీవి. జెర్రీ పుట్టి బుద్ధెరిగాక మేలురకాన్ని వదిలిపెట్టలేదు. పట్టికలో అందరికంటే ఎక్కువ మార్కులు కళాధర్‌వి. ఒక వంతు కాకపోతే ఇంకో వంతులో, కళాధర్ జెర్రీ దగ్గరికి పోతాడు. తనకు మిషను మనిషి దక్కుతుంది, కళాధర్‌కు పదకొండు నెలలు దక్కుతాయి, గంగా ట్రావెల్స్ అన్నవాడి నోరూ పడిపోతుంది. ఒక్క వంతుతో ఇద్దర్ని నిలబెట్టే బేరం. ఎక్కడైనా చిల్లుందా అని ఎన్నిసార్లు తిప్పి చూసినా కనబడలేదు.

*

రెండు గంటలకు కిటికీల్లేని చిన్న గది. తెల్లబోర్డు మీద ఐదు పసుపు కాగితాలు, వాటి మీద ఐదు పేర్లు. డేల్ గడియారం బల్ల మీద పెట్టాడు.

"గంగా, నీ వంతు."

"బ్రీడా."

జెర్రీ తలెత్తాడు. పెన్ను మూత పెట్టి తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఖాయమా?" అన్నాడు డేల్.

"ఖాయం."

జెర్రీ మొదటి వంతుకు ఫిట్టరు ఓయిన్ పేరు చెప్పాడు. ఇంకో వంతుంది కదా అని గంగాధరరావు సర్దుకున్నాడు. జెర్రీ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. కళాధర్ పేరున్న కాగితం ముందు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి గంగాధరరావు ముఖంలోకి చూశాడు, చాలాసేపు.

గంగాధరరావు ముఖంలో ఏ భావమూ కనబడనివ్వలేదు. అది చిన్నప్పటి శిక్షణ. యార్డులో కావలసిన మిర్చి రాశి వైపు చూడకూడదు, చూస్తే ధర పెరుగుతుంది. బల్ల అంచునున్న గీతను చూస్తూ కూర్చున్నాడు.

"నోరా," అన్నాడు జెర్రీ. నోరా నాణ్యత కాగితాలు చూసే అమ్మాయి.

డేల్ మూడు కాగితాలు ఒక పక్కకు జరిపాడు. రెండు మిగిలాయి. ఒకటి పోలండునుంచి వచ్చిన మారెక్ అనే టెక్నీషియనుది. రెండోది కళాధర్‌ది.

"జెర్రీ," అన్నాడు గంగాధరరావు. "నువ్వెప్పుడూ మేలురకమే కదా తీసుకునేది."

"రెండేళ్ళు నీ చేతిలో ఓడిపోయాను గంగా. ఎప్పటికీ నేర్చుకోకూడదా? నా లైనులో ఫిట్టరు లేడు, కాగితాలు చూసేవాళ్ళు లేరు. ఖాళీలు నింపుకున్నాను. నువ్వు చెప్పిందే."

"మార్కులు చూశావు కదా. కళాధర్‌వి..."

"చూశాను. తీసుకుందామనే లేచాను కూడా." జెర్రీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కాని నువ్వు రోజూ అతనితో ఒకే కారులో వస్తావు. అతన్ని నీ అంత ఎరిగినవాడు ఈ కప్పు కింద లేడు. మొదటి వంతు నీది. నువ్వతన్ని ముట్టుకోలేదు. నాలుగేళ్ళలో అతని గురించి ఒక మంచి మాట నీ నోట నేను వినలేదు. నేనేమనుకోవాలి, చెప్పు? మార్కుల వెనక నాకు తెలియనిదేదో ఉందనుకోనా?"

గంగాధరరావుకు యార్డు కళ్ళ ముందుకొచ్చింది. ఏదో ఊరినుంచి రాశి వస్తుంది. ఎర్రగా, గలగలలాడుతూ, చూడ్డానికి బంగారంలా ఉంటుంది. ఆ ఊరి వ్యాపారే దాని ముందునుంచి చెయ్యి పెట్టకుండా దాటిపోతాడు. వెనక వచ్చేవాళ్ళు రాశిని చూడరు, దాటిపోయినవాడి వీపును చూస్తారు. తామూ దాటిపోతారు. అడుగున తడి ఉందేమో, కల్తీ ఉందేమో, వాడికి తెలియకుండా ఉంటుందా అని. సాయంత్రానికి ఆ రాశి అలాగే పడి ఉంటుంది. పదేళ్ళ వయసులో కళ్ళారా చూసిన సంగతి. లెక్కంతా కట్టి, ఇదొక్కటి కలపడం మరిచాడు.

"అతనిలో ఏ లోపమూ లేదు," అన్నాడు. "జిగురు గోల గుర్తుందా? తేమ అని కనిపెట్టింది అతనే. రిపోర్టు మీద పేరు లేదు, అంతే. ఈ ఐదుగురిలో అతన్ని మించినవాడు లేడు."

"ఇప్పుడా చెప్పేది?" జెర్రీ కోప్పడలేదు. అదే బాధ. "అంత మేటివాడైతే నువ్వే తీసుకునేవాడివి కదా."

డేల్ గడియారం వైపు చూశాడు. "మార్చుకుంటావా గంగా? బ్రీడాను వదిలెయ్, అతన్ని తీసుకో. ఒక్క నిమిషం. ఆ తరవాత ఈ తలుపు తీసేస్తాను."

నిమిషం చాలా పెద్దది. జర్మన్ మిషన్, పదకొండు రోజులు, ముప్ఫై నాలుగు మంది. బ్రీడా మొగుడికి ఇళ్ళు కట్టే పని పోయి ఏడాది దాటింది. అవన్నీ ఒక తట్టలో పడుతున్నాయి. అవతలి తట్టలో కారు తలుపు తీసి వంగే మనిషి ఒక్కడు. తూకం ఎటు మొగ్గుతోందో గంగాధరరావుకు స్పష్టంగా తెలుస్తోంది. ఆ తట్టలో అడుగున విమానం బొమ్మ కూడా ఉందని అంతకంటే స్పష్టంగా తెలుస్తోంది. దాన్ని తీసేసి మళ్ళీ తూచుదామంటే వ్యవధి లేదు.

"వద్దు," అన్నాడు.

డేల్ మిగిలిన రెండు కాగితాలూ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర జెర్రీ అతని భుజం తట్టాడు. "నీ లైనుకు నువ్వు సరైన పనే చేశావు. గ్రాండ్," అన్నాడు. బాగుందనడానికి ఐరిష్‌వాళ్ళ మాట అది.

*

ఐదుంబావుకు కళాధర్ కారు దగ్గర ఎదురుచూస్తున్నాడు.

"ఎక్కుండ్రి దొరా," అని తలుపు తీశాడు. గంగాధరరావు ఎక్కాక బయటనుంచి మూశాడు. తలుపు గట్టిగా పడింది.

రాత్‌కూల్ దాటకముందే దారి స్తంభించింది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట. పోలీసు గార్డులు పచ్చ కోట్లు వేసుకుని ఒకే వరసలోంచి కార్లను వదులుతున్నారు. ముందు బస్సు, వెనక ట్యాంకరు, పక్కన ఇనుప కంచె. వాన పెరిగింది. అద్దాలకు లోపల ఆవిరి పట్టింది.

"స్పందనకు ఫోన్ చేసిన మధ్యాహ్నం," అన్నాడు కళాధర్. "మెయిల్ టైప్ చేసే పెట్టిన అన్నా, డ్రాఫ్ట్‌ల ఉంది. నాకు వేరే అవకాశం దొరికింది, రాలేకపోతున్న, థాంక్యూ అని. ఇంటికి పోయి ఒక్క నొక్కు నొక్కుడే. ఆమెకు పానం తేలికైంది."

"ఊఁ."

"మీకు పొద్దున్నుంచి తలనొప్పి ఉన్నట్టుంది?"

"ఏం లేదు."

"ఏసీ పెట్టనా అన్నా?"

"వద్దు."

సంతకం పెట్టిన కాగితంలోని వాక్యాలు వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. మంగళవారం దాకా ఒక్క మాట. ఇవాళ చెబితే కళాధర్ బాలింకాలిగ్‌కు వస్తానని రాసుకోగలడు. రేపటికి ఆ చోటు ఇంకెవరికో పోతుంది. చెబితే తన ఉద్యోగం కళాధర్ నోట్లో ఉంటుంది. కళాధర్ చెప్పడు. కాని స్పందనకు చెప్పకుండా ఎలా ఉంటాడు, స్పందన ఇందుమతికి చెప్పకుండా ఎలా ఉంటుంది? ఆ ఎస్టేటులో తెలుగువాళ్ళ ఇళ్ళు పదకొండున్నాయి. చెప్పకపోతే మంగళవారం నాడు ఎలాగూ తెలుస్తుంది, గురువారం ఈ కారులో పక్కన కూర్చుని ఊఁ కొట్టాడని కూడా తెలుస్తుంది.

కారు పది గజాలు కదిలి ఆగింది. కిల్ అనే ఊరి బోర్డు కనబడింది.

"అన్నా, ఒకటడుగుత, తప్పుగ అనుకోరు గదా?"

"అడుగు."

"మీరు ఫ్యాక్టరీల నాతోని ఎక్కువ మాట్లాడరు. మొదట్ల బాధనిపించేది. తర్వాత సమజైంది. నలుగుర్ల చెయ్యకుండ లోపల్నుంచి చేసే మనిషి మీరు. స్పందనతోని గదే చెప్తుంట."

గంగాధరరావు చెయ్యి దానంతటదే తలుపు పిడి ఉండాల్సిన చోటికి పోయింది. అక్కడ రెండు స్క్రూల రంధ్రాలు వేలికి తగిలాయి. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

జాన్స్‌టౌన్ దాటింది. దారి తెరుచుకుంది. కారు వేగం అందుకుంది. ఇంకో పది నిమిషాలు. చెక్కలు కొట్టిన ఇళ్ళు వచ్చాయి. ఎస్టేటు మలుపు తిరిగింది. తన ఇంట్లో వంటగది దీపం వెలుగుతోంది, రెండిళ్ళ అవతల కళాధర్ ఇంట్లోనూ.

కళాధర్ ఇంజను ఆపి బెల్టు తీసుకున్నాడు.

"కళాధర్. ఆ మెయిల్ పంపకు."

"ఏందన్నా?"

"వస్తానని రాయి. ఇప్పుడే రాయి, లోపలికి పోగానే."

కళాధర్ చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. వాన కప్పు మీద పడుతోంది.

"అయిపోయిందా?" అన్నాడు.

"ఇవాళ మధ్యాహ్నం. నేను చెప్పినట్టు ఎవరికైనా తెలిస్తే నేనూ పోతాను."

"ఎట్ల చేసిన్రు? మార్కులా?"

"డేల్ పద్ధతి. వంతులవారీగా."

కళాధర్ కూడా రెండేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చుని ఆడినవాడే. ఆ పద్ధతి విడమరిచి చెప్పనక్కర్లేదు. గంగాధరరావు లైను వెనకబడిందనీ అతనికి తెలుసు, వెనకబడినవాడికి ఏ వంతు దక్కుతుందో కూడా తెలుసు.

"మొదటి వంతు మీదేనా?"

"అవును."

గంగాధరరావు దగ్గర చెప్పడానికి చాలా ఉంది. మిషన్ ఉంది, మెక్సికో ఉంది, జెర్రీ అలవాటు ఉంది, ఎక్కడా చిల్లు కనబడని లెక్క ఉంది. కళాధర్ వాటిలో ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటే ఇద్దరికీ కొంచెం తేలికయ్యేది. ముందు అద్దంలోంచి తన ఇంటి దీపాన్ని చూశాడు. తరవాత తన వైపు తలుపు తీసుకుని దిగి, తల వంచుకుని వానలో ఇంటివైపు నడిచాడు.

గంగాధరరావు కారులో ఉండిపోయాడు. అద్దం దించి, చెయ్యి బయట పెట్టి తలుపు తీసుకోవచ్చు. ఆ సంగతి రెండేళ్ళుగా తెలుసు. ఎప్పుడూ అవసరం పడలేదు. ఇప్పుడు చెయ్యి లేవలేదు.

కళాధర్ గేటు దాకా పోయి ఆగాడు. వెనక్కి తిరిగాడు. ముందునుంచి చుట్టు తిరిగి వచ్చి తలుపు తీశాడు. వంగలేదు. చెయ్యి చాపలేదు. తలుపు పట్టుకుని పక్కకు చూస్తూ నిలబడ్డాడు. గంగాధరరావు దిగాడు. తలుపు మూసిన చప్పుడు ఈసారి మెల్లగా వినబడింది.

"నోటీసు నాలుగు వారాలుంటదా?"

"నాలుగు వారాలు."

కళాధర్ తల ఊపాడు. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు.

"రేపటితోని నా వంతు అయిపోతది. వచ్చే వారం మీ వంతు," అన్నాడు. "ఏడింబావుకు తయారుగ ఉంట."